మామగారు సంతకం పెట్టనంటున్నారు, బాబు సారీ చెప్పనంటున్నాడు

పేరు వేయొద్దని కోరుతూ హైదరాబాద్ సైనిక్‌పురి నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. భర్త ఫార్మా కంపెనీలో ఉద్యోగి. ఒక్కడే కొడుకు, ఎనిమిదో తరగతి. కింది వాటాలో అత్తమామలు ఉంటారు, పైన వీళ్లు. ఇల్లూ కరెంటు మీటరూ మామగారి పేరు మీదే ఉన్నాయి. ఆయన పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మే నెలలో ఇంట్లో 620 యూనిట్లు కాలి, బిల్లు ఐదు వేల దాకా వచ్చింది. తమ డబ్బుతోనే మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని భార్యాభర్తలు అనుకున్నారు. 1,95,000 రూపాయలకు కొటేషన్ కూడా తెచ్చుకున్నారు. మీటరు ఎవరి పేరున ఉంటే దరఖాస్తు వాళ్లే చేయాలి కాబట్టి మామగారి సంతకం కావాలి. ఆయన పెట్టనన్నారు.

గొడవ అక్కడితో ఆగలేదు. ఆయన బంధువుల వాట్సాప్ గ్రూపులో రోజుకొక సందేశం పెట్టడం మొదలుపెట్టారు. వాతావరణం యుగయుగాలుగా మారుతూనే ఉంది కదా అని ఒక రోజు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నదే 0.04 శాతం, అదేం చేస్తుందని ఇంకో రోజు. తెల్లవాళ్లు రెండొందల ఏళ్లు బొగ్గు కాల్చుకుని ఇప్పుడు మనల్ని మానమంటున్నారని, పొద్దుగూకాక మీ సోలార్ ఎక్కడుంటుందని, ఉన్నవాళ్లు మిద్దెల మీద పలకలు పెట్టుకుంటే తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు లేనివాళ్ల నెత్తిన పడుతుందని. ఈవిడ కూడా ఊరుకోలేదు. 2020 అక్టోబర్ వరదకూ ఏటా ముదురుతున్న ఎండలకూ బొగ్గే కారణమని, ఇంటింటికీ సోలార్ వస్తే థర్మల్ స్టేషన్లన్నీ మూసేయొచ్చని అదే గ్రూపులో జవాబులిచ్చారు.

ఒక రాత్రి భోజనాల దగ్గర బాబు అన్నాడట: "తాతయ్యా, మీ ప్లాంటు పొగ వల్లే మాకీ ఎండలు. మీరు చేసినదానికి మేం అనుభవిస్తున్నాం." ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అప్పటి నుంచి మనవడితో మాట్లాడటం లేదు. బాబు చేత క్షమాపణ చెప్పించమని అత్తగారు అడుగుతున్నారు. "నిజం చెప్పినందుకు సారీ ఎందుకు? నువ్వే కదా చెప్పావు" అని బాబు తల్లినే నిలదీస్తున్నాడు. "ఈ సోలార్ సంగతి ఇంతటితో వదిలెయ్" అని భర్త అంటున్నారు. వరంగల్ నుంచి ఆడపడుచు ఫోన్ చేసి, ఇల్లు నాన్నది, ఆయన ఇష్టం అంది. "నేను చదివిన సైన్సు అబద్ధమని ఒప్పుకోవాలా, ఇంట్లో శాంతి పోయినా సరే పట్టుబట్టాలా?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీరు అడిగిన ఆ రెండింటిలో ఏదీ చేయనక్కర్లేదు. దానికన్నా ముందు, మీ ఉత్తరం నాలుగో పేజీలో మీరు మామగారి మొండితనానికి ఉదాహరణగా రాసి వదిలేసిన ఒక మాట గురించి చెప్పాలి. "2024 ఆగస్టులో పాల్వంచలో పాత కూలింగ్ టవర్లు కూల్చిన వీడియో ఎవరో పంపితే ఆ రోజంతా ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. అంత పట్టుదల మనిషి" అని రాశారు. నాకు అందులో పట్టుదల కనబడలేదమ్మా, దుఃఖం కనబడింది. ఆ ఎనిమిది టవర్లూ ఆయన జీతం, ఆయన నైట్ షిఫ్టులు, మీ వారి బాల్యం. 1960లలో మొదలైన ప్లాంటు అది. వయసైపోయి పాత విద్యుదుత్పత్తి యూనిట్లు ఆపేశారు, తర్వాత టవర్లను పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలమట్టం చేశారు. బొగ్గు కాలం అయిపోయిందన్న మాటను ఆయన ఏ పేపర్లోనో చదివి తెలుసుకోలేదు, తాను పనిచేసిన చోటు కూలుతుంటే ఫోన్లో చూశారు. అలాంటి మనిషి దగ్గరకు మీరు సోలార్ కాగితాలు తీసుకెళ్లారు. మీ ఉద్దేశం బిల్లు తగ్గించుకోవడమే. ఆయనకు మాత్రం, నువ్వు చేసిన పని ఇక అక్కర్లేదు అని సొంత ఇంట్లో వాళ్లే తేల్చేసినట్టు వినబడి ఉంటుంది. ఆ తర్వాత మనవడు ఇంకో అడుగు ముందుకేసి, అక్కర్లేకపోవడమే కాదు, అది నేరం అన్నాడు.

ఆయన చేసిన పని చిన్నది కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒకప్పుడు బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉండేది. ఊరు పెరిగేకొద్దీ హైదరాబాద్ అవసరం పాల్వంచ మీదా రామగుండం మీదా పడింది. 2012 ప్రాంతంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఎండాకాలం ఇళ్లలో గంటల కొద్దీ కోతలు మీకూ గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజుల్లో యూనిట్ ఉన్నట్టుండి ఆగిపోకుండా రాత్రంతా కంట్రోల్ రూమ్‌లో కాపలా కాసిన వాళ్ల వల్లే ఆసుపత్రుల్లో ఆపరేషన్లు జరిగాయి, పిల్లలు పరీక్షలకు చదువుకున్నారు. ఇది మీరు ఆయన్ని మెప్పించడానికి చెప్పాల్సిన మాటగా రాయడం లేదు, నిజం కాబట్టి రాస్తున్నాను.

మరి సైన్సు? అక్కడ ఒక్క మెట్టు కూడా దిగకండి. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉందన్న మాట నిజమే. మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. భూమి కక్ష్యలో, ఒంపులో వచ్చే మార్పుల వల్ల వేల, పదివేల ఏళ్ల మీద జరిగిన మార్పులవి. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతకాలపు గాలిని కొలిస్తే, గత ఎనిమిది లక్షల ఏళ్లలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 300 దాటలేదు. పరిశ్రమలు రాకముందు 280 ఉండేది. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేనాటికి 315 అయింది. ఇప్పుడు 420 దాటింది. ఒక మనిషి జీవితకాలంలో వచ్చిన పెరుగుదల ఇది. సూర్యుడి వల్లే వేడి పెరుగుతోందందామంటే, ఉపగ్రహాలు కొలుస్తున్న ఈ నాలుగు దశాబ్దాల్లో సూర్యుడి వేడి పెరగలేదు. పైగా కింద గాలి వేడెక్కుతుంటే ఎక్కడో పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. సూర్యుడే కారణమైతే అదీ వేడెక్కాలి.

0.04 శాతం ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు మీకన్నా మామగారికే బాగా తెలుసు. బాయిలర్‌లోకి వెళ్లే నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్‌ను వంద కోట్ల పాళ్లలో ఏడు పాళ్లకు మించకుండా చూస్తారు. దానికోసమే డీఏరేటర్ ఉంటుంది, కెమిస్టులు రోజూ పరీక్షిస్తారు. అంత సూక్ష్మమైనది కూడా కాస్త పెరిగితే ట్యూబులు తినేస్తుంది. శాతం చిన్నదని వదిలేసే ఇంజినీరు ఏ థర్మల్ స్టేషన్‌లోనూ ఉండడు. అలాగే ఆయన చేతుల మీదుగా పోయిన గోదావరి లోయ బొగ్గు దాదాపు పాతిక కోట్ల ఏళ్ల కిందటిది. అంత పాత కార్బన్‌లో రేడియోకార్బన్ (తనంతట తానే తరిగిపోయే ఒక రకం కార్బన్) జాడే ఉండదు, ఎందుకంటే అది ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతూ పోతుంది. బొగ్గూ చమురూ కాలేకొద్దీ గాలిలోని కార్బన్‌లో రేడియోకార్బన్ పాలు పలచబడుతూ వచ్చింది. పెరిగిన కార్బన్ ఎక్కడి నుంచి వచ్చిందో అలా తెలిసింది. ఇదంతా నిన్నో మొన్నో రాజకీయం కోసం పుట్టించిన వాదన కూడా కాదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త ఆరేనియస్ 1896లోనే లెక్కకట్టాడు.

కానీ ఈ లెక్కలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అక్కడ మీ చిన్నత్తలూ బావగార్లూ చూస్తుంటారు. ఇరవైమంది ముందు కోడలి చేతిలో ఓడిపోవడానికి డెబ్బై దాటిన ఏ మామగారూ సిద్ధపడరు. అది ఆయన తప్పని కూడా నేననను. మాట్లాడాలనుకుంటే ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, అదీ ఆయన అడిగితేనే.

ఇప్పుడు ఆయన మాటల్లో నిలిచేవాటి సంగతి. మన దేశంలో ఒక మనిషి సగటున ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, అమెరికాలో అది పద్నాలుగు టన్నుల దాకా ఉంటుంది. ముందు కాల్చినవాళ్లు ముందు తగ్గించాలన్నది మన దేశం అంతర్జాతీయ వేదికల మీద ఎప్పటి నుంచో చెబుతున్న మాటే. కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడానికి మనం 2070 గడువు పెట్టుకున్నదీ ఆ లెక్కతోనే. ఆ కోపం న్యాయమైనది. అయితే అన్యాయం జరిగిందన్నది వేరు, వేడి పెరగడం లేదన్నది వేరు. మొదటిది ఒప్పుకుంటూనే రెండోది కాదనొచ్చు. ఆయన రెండూ కలిపేస్తున్నారు. మీరు రెండూ కలిపి కొట్టేస్తున్నారు.

పొద్దుగూకాక సోలార్ ఎక్కడన్న ప్రశ్న ఇంకా గట్టిది. 2025 నాటికి దేశంలో విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కానిదే అయింది. అయినా ఏడాది మొత్తంలో వాస్తవంగా పుట్టే నూరు యూనిట్లలో డెబ్బై దాకా ఇప్పటికీ బొగ్గువే. సాయంత్రం ఏడింటికి ఊరంతా ఫ్యాన్లు, ఏసీలు, లైట్లు వేస్తుంది, సరిగ్గా అప్పుడే ప్యానెళ్లు సున్నా చూపిస్తాయి. పగటి మిగులును రాత్రికి దాచాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో పగలు నీళ్లను మళ్లీ పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయగలిగే 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అలాంటివి ఎన్నో కావాలి, బ్యాటరీలూ ఎన్నో కావాలి. అవి వచ్చేదాకా థర్మల్ స్టేషన్లు నడవాల్సిందే. కాబట్టి సోలార్ వస్తే అన్నీ మూసేయొచ్చని మీరు రాసింది సరికాదు, అది ఆయన దగ్గర ఒప్పుకోండి.

వరద సంగతి కూడా అంతే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది, అందుకే కుండపోత వానలు పెరుగుతాయని శాస్త్రవేత్తలు అంటున్నారు. అంతవరకు సరే. కానీ 2020 అక్టోబర్‌లో కాలనీలు మునగడానికి కబ్జా అయిన నాలాలు, పూడిన చెరువులు కూడా కారణం. 1908లో మూసీ ఈ ఊరిని ముంచెత్తినప్పుడు గాలిలో కార్బన్ ఇంత లేదు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. ఒక్క వరదను తీసుకెళ్లి ఒక్క బొగ్గు నెత్తిన పెడితే, ఆయనకు మీ మిగతా మాటలన్నీ కొట్టేసే వీలు మీరే ఇచ్చినట్టవుతుంది.

లేనివాళ్ల మీద భారమన్న మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, అది ఇంకా నలుగుతున్న చర్చ. పై స్లాబుల్లో ఎక్కువ రేటు కట్టేవాళ్ల డబ్బు కింది స్లాబుల తక్కువ రేటుకు కొంత ఆసరా. వాళ్లు సోలార్‌కు మారితే ఆ ఆసరా తగ్గుతుంది. రాత్రిపూట వాళ్లు వాడుకునే లైన్లనూ ట్రాన్స్‌ఫార్మర్లనూ మాత్రం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నిలబెట్టాల్సిందే. ఇంకోవైపు, మే నెల మధ్యాహ్నం మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు మీ ప్యానెళ్ల వల్ల కొంత తగ్గుతుంది, రామగుండం నుంచి మీ ఇంటిదాకా తీగల్లో పోయే నష్టం తగ్గుతుంది. ఆ రెండింటి లెక్క ఎక్కడ తేల్చాలో, చార్జీలు ఎలా మార్చాలో విద్యుత్ నియంత్రణ మండలి చూసుకోవాలి. మామగారు ఈ ప్రశ్న వేయగలిగారంటే ఆయనకు విషయం లోతుగా తెలుసు. వాట్సాప్ సందేశాల మధ్య ఇదొక్కటి ఆయన సొంత ఆలోచన అనిపించింది నాకు.

ఇక బాబు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మీ అత్తగారు కోరినట్టు బలవంతంగా క్షమాపణ చెప్పిస్తే, చదువుకున్నది తప్పని పెద్దవాళ్ల ముందు ఒప్పుకోవాలన్న మాట వాడి మనసులో పడిపోతుంది. సైన్సు టీచరు ఇంట్లో అది జరగకూడదు. అసలు ఏమీ చెప్పించకపోతే, మన మాట నిజమైతే చాలు, అవతలి మనిషి ఎంత నొచ్చుకున్నా ఫర్వాలేదనుకుంటాడు. అదీ వద్దు. వాడన్న మాటలో సైన్సూ ఉంది, నిందా ఉంది. బొగ్గు పొగ వల్ల వేడి పెరుగుతోందన్నది సైన్సు. "మీరు చేసినదానికి" అన్నది నింద, అది న్యాయం కూడా కాదు. పాల్వంచలో కాలిన బొగ్గు తాతయ్య సొంతానికి కాలలేదు, స్విచ్ వేసిన ప్రతి ఇంటి కోసం కాలింది. ఇప్పుడు వాడు ఏసీ వేసుకుని పడుకుంటున్నాడు కదా, అందులో నూటికి డెబ్బై వంతులు బొగ్గే. ఇది వాడికి కోప్పడి చెప్పకండి, లెక్కగా చెప్పండి. ఎనిమిదో తరగతి పిల్లాడికి అర్థమవుతుంది.

వాడు తాతయ్య దగ్గరకు వెళ్లి ఇలా చెప్పగలిగితే చాలు: "తాతయ్యా, ఎండలు పెరగడం గురించి నేను చదివింది నిజమనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అదంతా మీరు చేసినట్టు మాట్లాడాను. అది తప్పు." మాటలు వాడివే కానివ్వండి, బట్టీ పట్టించొద్దు. ఒకవేళ వాడు వెళ్లనంటే ముందు మీరు వెళ్లండి. ఆ మాట వాడి నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. గ్రూపులో మీరు రాసినవి వాడు చదివాడు. "నా కోపం వాడి నోటి నుంచి వచ్చింది మామయ్యగారూ" అని మీరంటే, వాడికి దారి తేలికవుతుంది.

పదమూడేళ్ల పిల్లాడితో తాత రోజుల తరబడి మాట్లాడకుండా ఉండటం కూడా సరి కాదు. ఆ సంగతి ఆయనకు చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు. మీ ఉత్తరంలో మీ వారు "వదిలెయ్" అన్న ఒక్క మాటలోనే కనబడ్డారు. ఇల్లు వాళ్ల నాన్నది, కొడుకు ఆయనది, సోలార్ డబ్బులో సగం ఆయనది. అయినా వాదనంతా మీ మీద పడింది. పాల్వంచ క్వార్టర్లలో పెరిగినవాడు, ఆ టవర్ల కింద క్రికెట్ ఆడుకున్నవాడు ఆయనే. టవర్లు కూలిన రోజు ఎలా అనిపించింది నాన్నా అని అడగాల్సింది ఆయనే. సోలార్ ఊసెత్తకుండా ఒక సాయంత్రం తండ్రి దగ్గర కూర్చోమని మీ వారికి చెప్పండి. ఆయన కూర్చోకపోతే మిగతావన్నీ కష్టమే.

మిద్దె సంగతికి వద్దాం. వాతావరణ వాదనలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఈ లెక్క మారదు, అందుకే దాన్ని విడిగా చూడండి. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మన స్లాబుల్లో మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, మూడో వందకు 7.70, నాలుగో వందకు 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50 పడుతుంది. హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లిస్తుంది, అంటే మూడు కిలోవాట్లకు నెలకు 360 దాకా. సోలార్ యూనిట్లు బిల్లులో పై నుంచి కోసుకొస్తాయి, 9.50 యూనిట్లు ముందు పోతాయి. మీ మే నెల బిల్లు పదిహేను వందల దగ్గరకు దిగుతుంది. మీరు రాసిన మిగతా నెలల వాడకం చూస్తే ఏడాదికి పాతిక వేలకు పైగా మిగలాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రాయితీ వస్తుంది, అది పోను మీ చేతి నుంచి పడేది 1,17,000. నాలుగైదేళ్లలో తిరిగొస్తుంది. ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ ఇస్తారు, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టర్ మాత్రం అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు. వాతావరణం వైపు నుంచి చూస్తే ఏడాదికి మూడు టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ప్రపంచం లెక్కలో అది చిన్నదే, ఒక ఇంటికి తక్కువేం కాదు.

నాకు తోచిన మొదటి దారి, ఆ కొటేషన్‌ను ఆయన చేతిలో పెట్టి, సంతకం మాట ఎత్తకుండా, మీరు చూసి చెప్పండి అనడం. సైట్ చూడటానికి వచ్చిన అమ్మకందారు అబ్బాయికి తెలియని సంగతులు ఆయనకు తెలుసు. ఎర్తింగ్ సరిగ్గా ఉందా, పక్కింటి కొత్త అంతస్తు నీడ సాయంత్రం ఎంత పడుతుంది, ఫ్రేము కోసం స్లాబుకు బెజ్జాలు కొడితే వానాకాలం కారుతుందా, ఈదురుగాలికి ఆగుతుందా, అన్నీ ఆయన అడుగుతారు, అడగాలి కూడా. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే ఆగిపోతుందని, లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కోసమే అలా చేస్తారని ఆయన మీకు వివరిస్తారు. చాలామంది ఇది తెలియక పెట్టించుకుని తర్వాత వాపోతున్నారు. కానీ ఒక షరతు: ఆయనంతా చూసి వద్దంటే మీరు ఆ మాట వినడానికి సిద్ధపడే అడగాలి. సంతకం రాబట్టుకోవడానికి వేసిన ఎత్తుగడ అయితే ఆయనకు మొదటి రోజే తెలిసిపోతుంది, ఈసారి నొప్పి ఇంకా ఎక్కువ.

అంత పెద్దది ఒకేసారి వద్దంటే రెండు కిలోవాట్లతో మొదలుపెట్టొచ్చు. రాయితీ 60,000. అత్తగారు వడియాలు పెట్టుకునే చోటూ మిగులుతుంది. రెండు కిలోవాట్లకు దాదాపు రెండు వందల చదరపు అడుగులు చాలు. ఎండాకాలం బిల్లు దాదాపు సగం తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు.

ఇంకొకటి, ఈ ఏడాదికి సోలార్ మాట ఆపేయడం. ఇది ఓటమి కాదు. మిద్దెకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. పై అంతస్తులో ఉండేది మీరే కాబట్టి తేడా మొదట మీకే తెలుస్తుంది. 75 వాట్లు తినే పాత ఫ్యాన్ల చోట 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టండి. ఏసీని 20 నుంచి 25, 26కు తెస్తే ఒక్కో డిగ్రీకి ఆరు శాతం దాకా కలిసొస్తుంది. వీటిలో దేనికీ సంతకం అక్కర్లేదు, మామగారు వద్దనే కారణమూ లేదు. పోయేదల్లా ఒకటే: రాయితీ పథకం 2026-27 దాకా అని ప్రకటించారు, ఆ తర్వాత ఇదే మొత్తం ఉంటుందని చెప్పలేం. ఇంట్లో మాటలు కలవడానికి ఒక ఏడాది పడుతుందనుకుంటే ఆ నష్టం భరించొచ్చనే నా అభిప్రాయం.

మీటరు పేరు మార్పించేద్దామా అని మీరు చివర్లో అడిగారు. ఆయన ఒప్పుకుని మార్చుకుంటే సరే. ఆయనకు తెలియకుండా మీ వారి చేత కాగితాలు నడిపించాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఆ ప్యానెళ్లు పాతికేళ్లు ఆయన తల మీద ఉంటాయి. సోలార్ కోసం నా పేరు తీసేశారన్నది బిల్లు తగ్గిన ప్రతి నెలా ఆయనకు గుర్తొస్తుంది.

ఏ దారి పట్టినా, డబ్బు కట్టేముందు రెండు జాగ్రత్తలు. రాయితీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు (లైను నుంచి తీసుకున్న కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కించే మీటరు) పెట్టి, తనిఖీ అయ్యాక దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలోకే నేరుగా వస్తుంది. రాయితీ ఇప్పిస్తానని ముందే డబ్బడిగే వాళ్లను నమ్మకండి. రాయితీ కావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తోనే ఉండాలి, కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి. ఖాతా మామగారిది కాబట్టి ఆ 78,000 ఆయన దగ్గరికే వస్తుంది. దాన్ని మీకు తిరిగివ్వాలా, ఇంటి ఖర్చుల్లో కలపాలా అన్నది ముందే మాట్లాడుకోండి.

ఆడపడుచు విషయం వాతావరణానికి సంబంధించింది కాదు, ఆస్తికి సంబంధించింది. రేపు ఇంట్లో వాటాల దగ్గర, మేం మిద్దె మీద లక్ష పెట్టాం అంటారేమోనని ఆవిడ భయం. ఆ భయం అర్థం లేనిదేం కాదు. మీరే ఫోన్ చేయండి. ఈ డబ్బు చూపించి ఇంట్లో ఎక్కువ వాటా అడగబోమని, ఎప్పుడైనా ఇల్లు పంచుకోవాల్సి వస్తే ఫ్రేమూ ప్యానెళ్లూ విప్పి వేరే మిద్దె మీదకు మార్చుకోవచ్చని, అప్పటిదాకా కింది వాటా కరెంటు ఖర్చు కూడా వీటితోనే తగ్గుతుందని చెప్పండి. ఆవిడ సరేనంటే అదే మాట మీ వారి చేత ఒక కాగితం మీద రాయించి వరంగల్ పంపండి. మామగారి ముందు దరఖాస్తు పెట్టడం ఆ తర్వాతే.